తొలి ఉతుకు

చండూరులో వెంకటనర్సమ్మ ఎరుపు వేసిందంటే బట్ట పోతుంది గానీ ఎరుపు పోదని పేరు. ఊరికే వచ్చిన పేరు కాదది. ఆముదపు కాయల బూడిదనీళ్ళలో, నూనెలో నూలును నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి, అది చంటిపిల్ల చెంపలా మెత్తబడేదాకా ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. ఆ పైన పటిక నీళ్ళు, కరక్కాయ కషాయం. అవన్నీ అయ్యాకే కాగులో జర్మనీ నుంచి వచ్చే ఎర్రరంగు. ఆ ఇంట్లో నేసిన తేలియా రుమాళ్ళు, అదే నూనె రుమాళ్ళు, ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేవి. అక్కడి ఎండలో, ఇసుకలో, ఉప్పునీళ్ళలో నలిగి నలిగి చిరిగిపోయేవి గానీ ఎరుపు మాత్రం పిసరంత వెలిసేది కాదట. ఎవరు చూసొచ్చారని అడిగితే ఎవరూ చూడలేదు. వెంకటనర్సమ్మ మాత్రం తానే వెళ్ళి చూసొచ్చినట్టు చెప్పేది.

"బట్ట సచ్చిపోతది, నా రంగు సావది" అనేది, చేతులు ముందుకు చాచి. ఆ చేతుల వేళ్ళు కణుపుల దాకా ఎర్రగానే ఉండేవి. పండగనాడు గోరింటాకు పెట్టుకునే పని ఆవిడకు ఏనాడూ పడలేదు.

కోడలు కౌసల్య నకిరేకల్ పిల్ల. వాళ్ళూ సాలెవాళ్ళే, కాకపోతే తెల్ల పంచెలు తప్ప మరోటి నేయనివాళ్ళు. అత్తకు ఆ ఒక్కటి చాలు. "తెల్లబట్టల ఇంటి పిల్ల! దీని చేతికి రంగొస్తదా, పాడా?" అని పొద్దున లేస్తే దెప్పేది. కాపురానికొచ్చిన కొత్తలో కౌసల్య, అప్పుడే కాగులోంచి తీసిన ఎర్ర నూలు చిలపలను నీళ్ళలో ఒక్కసారి ముంచి తీసి, తెల్ల చిలపల పక్కన దండెం మీద వేసింది. తెల్లారేసరికి తెల్లనూలంతా గులాబీరంగు. ఆనాటి తిట్లు వాడ చివరిదాకా వినపడ్డాయి. కౌసల్య అన్నీ విని, "పోనియ్యి అత్తమ్మా, గులాబి రుమాళ్ళు నేద్దాం. అరబ్బోళ్ళ పెండ్లాలు గూడ మనుషులే గదా" అంది. వెంకటనర్సమ్మకు నవ్వు ఆగక రంగు గాబు వెనక్కి పోయి కొంగు నోట్లో కుక్కుకుంది. కోడలు అది చూసింది. చూసినట్టు అత్తకు తెలియదు. ఆ ఇంట్లో పోరు అట్లా సాగేది.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం, ఎండలు ముదురుతున్నప్పుడు, కౌసల్య చేతుల మీద నీలిమచ్చలు కనిపించాయి. వెంకటనర్సమ్మ నీలిమందు మరకలనుకొని కుంకుడు రసంతో రుద్దింది. రుద్దిన కొద్దీ మచ్చ పెద్దదైంది. ఆ తర్వాత చిగుళ్ళ వెంట నెత్తురు. ఆ తర్వాత పట్టిన జ్వరం వదల్లేదు. కొడుకు సిద్దయ్య పెళ్ళాన్ని బస్సెక్కించి నల్లగొండ దవాఖానకు తెచ్చేసరికి ఆ పిల్ల పిండి ఆరేసిన చిలపలా వేలాడిపోతోంది.

అక్కడి డాక్టరమ్మ పేరు ఆండాళు. భువనగిరి వైపు అయ్యవార్ల ఇంటి ఆడబిడ్డ, ఓడెక్కి దొరల సీమకు పోయి చదివి వచ్చింది. కౌసల్య వేలు పొడిచి నెత్తురు తీసి, గాజుపలక మీద పూసి, అద్దాల గొట్టంలో చాలాసేపు చూసింది. చూసి, తల్లీకొడుకులను వరండాలోకి పిలిచింది. నెత్తుట్లో తెల్లకణాలు హద్దూపద్దూ లేకుండా పుడుతున్నాయి, మంచి నెత్తురుకు జాగా లేకుండా చేస్తున్నాయి, ఇట్లా వదిలేస్తే పిల్ల వానలు పడేదాకా కూడా ఆగదు అని చెప్పింది. ఒక కొత్త మందుంది, ఎక్కడో మట్టిలో పుట్టే బూజులోంచి తీసింది, ఇంకా బజారుకు రాలేదు, సీమలో తనకు చదువు చెప్పిన పెద్దాయన పంపుతున్నాడు అని కూడా చెప్పింది.

"నయమైతదా అమ్మా?" అని అడిగాడు సిద్దయ్య.

"మాట ఇయ్యలేను. ఇది లేకపోతే మాత్రం ఏం జరుగుతదో చెప్పగలను."

సిద్దయ్య గోడకు ఆనుకున్నాడు. వెంకటనర్సమ్మే తేరుకొని, "పొయ్యి తల్లీ, పొయ్యి" అంది, కాగులో రంగు పొయ్యమన్నట్టు.

మందు పొడిగా ఒక చిన్న గాజుబుడ్డిలో ఉంది. డాక్టరమ్మ దాంట్లో నీళ్ళెక్కించి ఇట్లా అట్లా ఆడించగానే వెంకటనర్సమ్మ కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడింది. ఆ బుడ్డిలో తన కాగు కనబడింది ఆవిడకు. ఎరుపు. పసుపు కలవని, నీలం కలవని, మాగిన ఎరుపు.

"డాక్టరమ్మా, గిది మందు గాదు. గిది రంగు."

ఆండాళు సూది ఎత్తిపట్టి నవ్వింది. "మంచిగ కనిపెట్టినవు పెద్దమ్మా. మీరు వేసే జర్మనీ ఎరుపుకు ఇది దూరపు చుట్టమే. రెండింటి ఎముకలూ ఒక్క తీరుగనే ఉంటయి."

"మరి నెత్తుట్ల పోస్తే పడుతదా?"

"పట్టాలె. ఒంటికి పడితేనే పని చేస్తది."

ఆ ఒక్కమాటా వెంకటనర్సమ్మ చెవిలో మేకులా దిగింది. పట్టాలె. రంగు సంగతి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆవిడ విన్నమాట అదే.

"ఇప్పుడు చెయ్యి కదలొద్దు. మందు నరంలోకే పోవాలె. నరం పక్కన చుక్క కారినా అక్కడి కండ కాలి పుండయితది, మానదు. ఎవరైనా గట్టిగ పట్టుకోండి" అంది డాక్టరమ్మ.

సిద్దయ్య చేతులు వణుకుతున్నాయి. వెంకటనర్సమ్మ అతన్ని పక్కకు నెట్టి కోడలి చేతిని మోచేతి దగ్గరా మణికట్టు దగ్గరా పట్టుకుంది. పువ్వు వేయాల్సిన చోట నూలును దారంతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. ఆ కట్టు కిందికి రంగు పాకిందంటే పువ్వంతా చెడుతుంది. అది ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. సూదిలోని ఎరుపు నెమ్మదిగా తరిగి తరిగి అయిపోయేదాకా ఆవిడా ఊపిరి తీయలేదు, పడుకున్న పిల్లా తీయలేదు.

డాక్టరమ్మ కౌసల్య గుండె మీద గొట్టం పెట్టి విన్నది. ఈ మందు గుండెను అలసిపోజేస్తుందనీ, అందుకే కొలత మీరనివ్వననీ అంది. జుట్టు రాలిపోతుంది, మళ్ళీ వస్తుంది అంది. వాకిలి దాటుతూ, "రేపంతా ఒంటికి ఎర్రగ పోతది, రంగు పోతున్నదని భయపడొద్దు. నీళ్ళు మాత్రం ఆపకుండ తాగించాలె" అంది. ఎందుకు తాగించాలో కూడా చెప్పింది. కానీ రంగు పోతున్నదన్న మాట దగ్గరే వెంకటనర్సమ్మ చెవి ఆగిపోయింది. రంగు పోతది గాని భయపడకుండ్రి అన్న రంగువాణ్ణి ఆవిడ జన్మలో నమ్మలేదు.

మరునాడు తెల్లవారకముందే సిద్దయ్య, విమానంలో పట్నం చేరిన రెండో బుడ్డి తేవడానికి బస్సెక్కాడు. దాన్ని ఆ సాయంత్రమే ఎక్కించాలి. రెండు మందుల మధ్య ఎడం పెరిగితే మొదటిది దండగ అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పొద్దుగూకేలోపు వస్తానని అతను పెళ్ళాం చెయ్యి నొక్కి పోయాడు.

కాసేపటికి ఆయా బిక్షమ్మ తెల్ల పింగాణీ పాత్ర పట్టుకొని వచ్చింది. నోటి మీద గుడ్డ కట్టినా మాట ఆగని మనిషి. కౌసల్య ఒంటికి పోయిన పాత్రను తీసి వెలుగులో పెట్టి, "ఏందమ్మో, నీ కోడలు పొద్దుపొద్దుగాల్నే హోలీ ఆడింది!" అంది.

వెంకటనర్సమ్మ తొంగిచూసింది. తెల్ల పింగాణీలో నిన్నటి ఎరుపు. ఎర్రటి ఎరుపు. సూదిలోంచి పోయిందంతా పాత్రలోకి వచ్చినట్టుంది.

"పట్టలే" అంది వెంకటనర్సమ్మ.

"ఏంది పట్టలే?"

"రంగు."

"ఓయమ్మ, ఒంటికి పట్టుడు వేరు, ఒంటికి పోవుడు వేరు. డాక్టరమ్మ చెప్పలేదా?" అని బిక్షమ్మ నవ్వుకుంటూ పాత్ర తీసుకుపోయింది. కూజా నిండా నీళ్ళు పోసి, "పొద్దుమీకేవరకు ఇదంత ఖాళీ గావాలె" అని పురమాయించి పోయింది.

వెంకటనర్సమ్మ మంచం పక్కన కూలబడింది. మొదటి బుడ్డి అంతా పోయింది. రెండోది వస్తుంది, అదీ ఇట్లాగే పోతుంది. మంచి పనిమంతురాలు పట్టని నూలును మళ్ళీ మళ్ళీ రంగులో ముంచదు. ముందు పట్టేట్టు చేస్తుంది. కచ్చా రంగును పక్కా రంగు చేసే దినుసులు ఏవో ఆవిడకు తెలుసు. నీళ్ళు తగలకుండా చూడాలి. పటిక కట్టాలి. కరక్కాయ పొయ్యాలి. కరక్కాయ విషమా ఏమన్నానా, పిల్లలకు దగ్గొస్తే ఇచ్చేదేగా! పటిక గోళీ అంత వేస్తే ఎవరు చచ్చారు?

కరక్కాయలు ఆవిడ మూటలోనే ఉన్నాయి. పటిక దవాఖాన ఎదుటి దుకాణంలో దొరికింది. రోగుల వాళ్ళు వంట చేసుకునే రేకుల కొట్టంలో మూడు రాళ్ళ పొయ్యి మీద రెండూ కలిపి కాచి, గుడ్డలో వడగట్టి తెచ్చింది.

కౌసల్య ఒక గుక్క మింగి మొహం వికారంగా పెట్టింది. "ఏందత్తమ్మా గిది? నాలుక మొద్దుబారుతాంది."

"మందు. తాగు."

"డాక్టరమ్మ ఇచ్చిందా?"

"నేనిస్తున్న. తాగమంటే తాగు."

కౌసల్య అత్త మొహంలోకి చూసింది. ఆ మొహంలో తిట్టు లేదు. బెదురు ఉంది. ఆ బెదురు చూసే తాగింది ఆ పిల్ల, మందును చూసి కాదు.

పొద్దెక్కేకొద్దీ దవాఖాన పెంకులు కాగిపోయాయి. "దూపైతాంది అత్తమ్మా" అంది కౌసల్య. వెంకటనర్సమ్మ కొంగు చివర తడిపి పెదవులకు అద్దింది. "గిది తడి, నీళ్ళు గాదు" అంది కౌసల్య. "గింతే. ఓర్సుకో."

"నీళ్ళు తాగమన్నది గదా డాక్టరమ్మ?"

"డాక్టరమ్మకు నెత్తురు తెలుసు. ఎరుపు నాకు తెలుసు."

కోడలు ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పని కోడలు వెంకటనర్సమ్మకు కొత్త గానీ, అది జ్వరం నీరసం అనుకుంది. బిక్షమ్మ వచ్చి చూస్తుందని కూజాలో నీళ్ళు కొంచెం కొంచెంగా తీసుకుపోయి కిటికీ కింది మందార మొక్కకు పోసింది. మందార హాయిగా తాగింది.

మరోసారి కౌసల్య ఒంటికి పోయినప్పుడు పాత్ర అడుగున కొద్దిగానే వచ్చింది. ఆ పైన ఇక రాలేదు. వెంకటనర్సమ్మ పాత్రను అటూ ఇటూ తిప్పి చూసి, దేవుళ్ళందరికీ మొక్కింది. కట్టింది! రంగు కట్టింది!

మధ్యాహ్నం తిరిగాక కౌసల్య ఒకసారి కక్కుకుంది. కళ్ళు లోపలికి పోయాయి. పిలిస్తే పలకడానికి సేపు పడుతోంది. పెదవుల మీద పొక్కు కట్టి, ఆ పొక్కు చీలి నెత్తురు వచ్చింది. "నొప్పి" అని నడుం చూపించింది. వెంకటనర్సమ్మ నడుం రాస్తూ కూర్చుంది. రాస్తున్న చేతికి ఆ పిల్ల చర్మం తగిలిన తీరు నచ్చలేదు. నీళ్ళు చాలక ఎండలో బిర్రబిగిసిన నూలు అట్లాగే ఉంటుంది. పట్టి లాగితే పుటుక్కుమంటుంది. ఆ ఆలోచన రాగానే ఆవిడ తరిమేసింది.

బిక్షమ్మ ఖాళీ పాత్ర చూసింది. కూజా చూసింది. కూజా కూడా ఖాళీయే. ఈసారి ఆవిడ నవ్వలేదు. గబగబా పోయి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

ఆండాళు కౌసల్య పొత్తికడుపు నొక్కి చూసింది. నాలుక చూసింది. "నీళ్ళు తాగిందా?"

వెంకటనర్సమ్మ నోరు తెరిచింది. మంచం మీద నుంచి కౌసల్య సన్నని గొంతు వినపడింది. "తాగిన డాక్టరమ్మా. అత్తమ్మ తాపింది. కూజెడు తాగిన."

వెంకటనర్సమ్మ కోడలి వైపు చూసింది. కోడలు కళ్ళు మూసుకుంది.

డాక్టరమ్మ మొహం మారింది. రబ్బరు గొట్టం తెచ్చి కౌసల్య దండకు బిగించి కట్టింది. వేలితో తట్టింది. తట్టింది, తట్టింది. నిన్న నీలిగా లేచిన నరం ఇవాళ లేవలేదు. గొట్టం విప్పి పక్కన పెట్టింది.

"పెద్దమ్మా, కూజెడు నీళ్ళు తాగి కూడ మూత్రం రాలేదంటే మూత్రపిండాలు పనిచేస్తలేవు. చచ్చిన కణాల చెత్తంతా వాటిల్ల అడ్డం పడ్డది. ఇగ ఈ మందు ఇయ్యలేను. సిద్దయ్య తెచ్చినా వాపస్ పంపాలె."

"ఇయ్యకపోతే?"

డాక్టరమ్మ బిక్షమ్మ వైపు తిరిగి, "నీళ్ళు బందు చెయ్యి. ఒక్క చుక్క ఇయ్యొద్దు. తాగిన నీళ్ళు పోయే తోవ లేకపోతే ఊపిరితిత్తుల్లకు ఎక్కుతయి" అంది.

ఒక్క చుక్క ఇయ్యొద్దు. పొద్దుటి నుంచీ వెంకటనర్సమ్మ చేసిందదే. ఇప్పుడు డాక్టరమ్మ నోట అదే మాట వస్తే, చావు వచ్చి పేరు పెట్టి పిలిచినట్టయింది. బిక్షమ్మ కూజా ఎత్తుకుంది. డాక్టరమ్మ గుమ్మం దాటింది. ఇప్పుడు నోరు విప్పితే, కోడలిని దూపతో ఎండగట్టిన అత్త అని నల్లగొండ నుంచి చండూరు దాకా చెప్పుకుంటారు. కొడుకు మొహం ఎత్తి చూడడు. విప్పకపోతే? ఎవరికీ తెలియదు. మందారకు తెలుసు, అంతే.

"తాగలే!" అని కేక పెట్టింది వెంకటనర్సమ్మ. వార్డులో వాళ్ళంతా తలలు తిప్పారు. "తాగలే డాక్టరమ్మా! అది అబద్ధం చెప్తాంది. నన్ను కాసుకోనీకె చెప్తాంది! నేనే తాగనియ్యలే. కూజ నీళ్ళు చెట్టుకు పోసిన."

ఆండాళు గిర్రున వెనక్కి వచ్చింది. "ఏమన్నవు?"

వెంకటనర్సమ్మ మంచం కింది నుంచి ఇత్తడి చెంబు తీసి చాచింది. అడుగున నల్లటి కషాయం మిగిలుంది. "పటిక. కరక్కాయ. రంగు పోతాందని... కడదామని..."

"నీకేమన్న మతి ఉన్నదా! ఎవరు పొయ్యమన్నరు నిన్ను? రంగేంది, కట్టుడేంది?" డాక్టరమ్మ గొంతు అరుపయింది. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. చెంబు వాసన చూసింది, వెంకటనర్సమ్మను చూసింది, మళ్ళీ చెంబును చూసింది.

అర్థమయింది మంచం మీది పిల్లకే. పొద్దుటి నుంచి తన నోట్లో పోసిందేమిటో, ఎందుకు పోసిందో ఇప్పుడు తెలిసింది. కౌసల్య కళ్ళు తెరిచింది. ఎండిన పెదవి చీలుతున్నా నవ్వింది.

"మా ఇంట్ల నూలుకు గట్లనే చేస్తం డాక్టరమ్మా. రంగు నిలువకపోతే పటికల ముంచి కడుతం. అత్తమ్మ నన్ను నూలనుకున్నది." ఊపిరి తీసుకొని అత్త వైపు తిరిగింది. "అత్తమ్మా. నేను వచ్చిన కొత్తల గులాబి చేసిన చిలపలు యాదికున్నయా?"

వెంకటనర్సమ్మ తల ఊపింది.

"ఆనాడు ఏమని తిట్టినవు?"

వెంకటనర్సమ్మ చేతిలోని చెంబులోకి చూసింది.

"నాకు యాదికున్నది. 'కొత్త నూలు రంగు తాగినంత తాగి, మిగిలింది తొలి ఉతుకుల కక్కుతదే, తెల్లబట్టల దానా! కక్కనియ్యాలె! నీళ్ళు ఎర్రగ పోయినన్ని దినాలు జాడియ్యాలె. జాడియ్యకపోతే నూలు కుళ్ళుతది, పక్క నూలును చెడగొడుతది.' వాడంత విన్నది. నువ్వొక్కదానివే మరిచినవు."

వెంకటనర్సమ్మ చేతిలో చెంబు జారి మోగింది. అవును. తన నోటి మాటే. ఏ కాగులోంచి తీసిన నూలైనా తొలి ఉతుకులో ఏరులా ఎర్రగా పారుతుంది. అది రంగు పోవడం కాదు. పట్టాల్సింది పట్టాక మిగిలింది పోవడం. నిన్నగాక మొన్న రంగు నేర్చిన పిల్లకు కూడా తెలిసిన సంగతి. భయం నెత్తికెక్కితే చేతిలో ఉన్న విద్య కూడా పరాయిదవుతుంది కాబోలు.

డాక్టరమ్మ అప్పటికే కదిలింది. "బిక్షమ్మా, నీళ్ళు! సెలైను సీసా! కిరసనాయిలు స్టవ్వు మీద సూదులు కాగబెట్టు!" నీళ్ళు తాగక ఎండిపోయిన మూత్రపిండాలు వేరు, చెడిపోయినవి వేరు. ఒకదానికి నీళ్ళే మందు, రెండోదానికి నీళ్ళే విషం. ఏది నిజమో ఆ ముసలమ్మ కేకతో తెలిసింది. కానీ ఆలస్యమైందా కాలేదా అన్నది మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు.

చేతిలో నరం దొరకలేదు. కాలి చీలమండ దగ్గర సన్నటి నరం ఒకటి దొరికింది. సీసాలోంచి ఉప్పునీళ్ళు బొట్టుబొట్టుగా దిగడం మొదలైంది. పైనుంచి వెంకటనర్సమ్మ చెంచాతో నీళ్ళు పట్టింది. కక్కితే తుడిచి మళ్ళీ పట్టింది.

డాక్టరమ్మ నాడి పట్టుకొని కూర్చుని, ఇక తిట్టే ఓపిక లేక, నెమ్మదిగా అంది. "పెద్దమ్మా, రెండు పేటల నూలుంటది గదా. పురి పెట్టి పేనింది."

"ఉంటది."

"మనిషి ఒంట్ల ప్రతి కణంల అటువంటి రెండు పేటల దారం ఉంటది. ఒక్క కణం రెండు గావాల్నంటే ఆ పురి విప్పుకోవాలె. ఈ మందు పోయి ఆ రెండు పేటల నడుమ దూరి కూసుంటది. ఇగ పురి విప్పరాదు. రోగపు కణాలు ఆగబట్టలేకుంట పుడుతున్నయి కాబట్టి ముందుగల్ల అవే చస్తయి. వెంట్రుకలు గూడ తొందరగ పెరుగుతయి కాబట్టి అవీ ఊడుతయి. నిన్న మందు పోసిన కాసేపటికే పేటల్ల దూరిపోయింది. అది కడిగితే వచ్చేది గాదు. నువ్వు పాత్రల చూసింది మిగులు."

వెంకటనర్సమ్మ కోడలి పెదవుల మీది నీళ్ళు తుడిచి, "నిన్ననే గిట్ల నూలు లెక్క చెప్పకపోయినవా తల్లీ" అంది. డాక్టరమ్మ తల వంచుకుంది.

పొద్దు ఎదుటి గోడ మీదికి వాలింది. సీసా సగమయింది. పాత్ర ఖాళీ. బిక్షమ్మ పాత్రను మంచం కిందికి తోసి, మళ్ళీ లాగి, ఏమీ లేకపోయినా తుడిచింది. ఆ నోటికి ఆ పూట ఒక్క ఎగతాళీ దొరకలేదు.

సిద్దయ్య వచ్చాడు. నార్కట్‌పల్లి దగ్గర బస్సు చెడిపోతే పళ్ళ లారీ ఎక్కి వచ్చాడట, ఒళ్ళంతా దుమ్ము. చేతిలో అట్టపెట్టె గుండెకు అదుముకొని గుమ్మంలో నిలబడ్డాడు. తల్లి మొహం చూసి లోపలికి అడుగు వేయలేకపోయాడు.

"పెట్టె ఆడ పెట్టి నిలవడు" అంది వెంకటనర్సమ్మ. "ఇంకా తెలియలే."

సీసా అడుగుకు వచ్చింది. కౌసల్య కళ్ళ కింద చర్మం కొంచెం నునుపు తేలినట్టుంది. లేక వెంకటనర్సమ్మకు అట్లా అనిపించిందో. ఉన్నట్టుండి కౌసల్య కదిలింది. నొప్పి కాబోలనుకొని అందరూ లేచారు.

"నొప్పి గాదు" అంది కౌసల్య సిగ్గుపడుతూ. "ఒంటికొస్తాంది. గా మొగోళ్ళను బయటికి పొమ్మను."

సిద్దయ్య గుమ్మంలోంచి అవతలికి దూకినట్టే పోయాడు. బిక్షమ్మ తెర లాగింది. వెంకటనర్సమ్మ పాత్ర పట్టింది. ముందు ఏమీ లేదు. ఆ తర్వాత బొట్టు. ఆ తర్వాత పింగాణీ మీద సన్నగా చప్పుడైంది, ఎండిన వాగులో తొలి నీళ్ళు రాళ్ళ మీదికి వచ్చినట్టు. చిక్కటి ఎరుపు. ఆగలేదు. వస్తూనే ఉంది.

"పోతాంది!" అని అరిచింది వెంకటనర్సమ్మ. "డాక్టరమ్మా, రంగు పోతాంది!"

"ఎట్ల మురుస్తాందో సూడు," అంది బిక్షమ్మ, "పొద్దుగాల గిదే సూసి ఏడ్సింది."

డాక్టరమ్మ పాత్రను కొలిచి, మళ్ళీ కౌసల్య దండకు రబ్బరు గొట్టం కట్టింది. వేలితో తట్టింది. ఈసారి మోచేతి మడతలో నరం మెల్లగా, నీళ్ళు పీల్చిన పోగులా ఉబ్బింది. ఆమె గుండె మీద గొట్టం పెట్టి విన్నది. తలెత్తి సిద్దయ్యను పిలిచింది. "పెట్టె తే."

గాజుబుడ్డిలో పొడి ఎర్రబడింది. డాక్టరమ్మ సూది ఎత్తి, ఎవరు పట్టుకుంటారన్నట్టు చూసింది. సిద్దయ్య ముందుకు రాబోయాడు. వెంకటనర్సమ్మ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. తన చేతులను తానే నమ్మలేనట్టు వాటిని కొంగులో దాచుకుంది.

"అత్తమ్మే పట్టాలె" అంది కౌసల్య. "గాయన పట్టుకుంటే మందు నరంల గాదు, నేలమీన పోతది డాక్టరమ్మా. ఆయన చేతులు సూడుండ్రి, ఎట్ల ఊగుతున్నయో."

వెంకటనర్సమ్మ వచ్చి పట్టుకుంది. మోచేతి దగ్గరా, మణికట్టు దగ్గరా. సూది దిగింది. నరం పైని చర్మం మీదే అందరి చూపూ. ఉబ్బుతుందేమో, మండుతుందేమో అని డాక్టరమ్మ కొంచెం తోసి ఆగింది, మళ్ళీ కొంచెం తోసింది. "మండుతున్నదా?" "లేదు." "ఇప్పుడు?" "లేదు." ఎరుపు సన్నబడి, సన్నబడి, అయిపోయింది. పక్కకు చుక్క కారలేదు.

"ఇగ వదులు పెద్దమ్మా" అంది డాక్టరమ్మ.

వదిలితే, ఆ తెల్లటి చేతి మీద వెంకటనర్సమ్మ ఎర్ర వేళ్ళు అదిమినచోట అప్పుడే నాలుగు నీలిమచ్చలు తేలుతున్నాయి. ముట్టుకుంటేనే కమిలే ఒళ్ళు. ఆవిడ వాటిని కొంగుతో నెమ్మదిగా అద్దింది.

"ఏం గాదు అత్తమ్మా" అంది కౌసల్య కళ్ళు వాలుస్తూ. "ఉతికితే పోతదిలే."

వెంకటనర్సమ్మ కూజా వంచి గ్లాసు నిండా నీళ్ళు పోసింది. కోడలి తల కింద చెయ్యి పెట్టి ఎత్తింది.

"నోరు మూసుకొని తాగు" అంది.